జీతం లేని కుర్చీలో ప్రకాశం పంతులు

నోటిఫికేషన్ వచ్చిందంటే మీరు మొదట చూసేది ఏంటి? పోస్టులు ఎన్ని, పే స్కేల్ ఎంత. అందులో తప్పేం లేదు, ఇంట్లోవాళ్లు అడిగేది కూడా అదే. కానీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినప్పుడు మాత్రం ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగరు. సర్పంచ్‌కి నెలకు ఎంత వస్తుంది? కార్పొరేటర్‌కి ఎంత? అది ఎవరు నిర్ణయిస్తారు? అడిగిచూడండి, ఎదుటివాళ్లు అదోలా చూస్తారు. ప్రజాసేవకు జీతం ఏంటి అంటారు.

ఈ ప్రశ్నను ఒక మనిషి జీవితంలో పెట్టి చూద్దాం. ఆయన పేరు టంగుటూరి ప్రకాశం పంతులు. గ్రూప్స్‌కి చదివేవాళ్లకు ఆయన గురించి నాలుగు బిట్లు నోటికి వస్తాయి. ఆంధ్రకేసరి బిరుదు, 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా పోలీసుల తుపాకులకు ఎదురునిలవడం, 1946లో మద్రాసు ప్రధానమంత్రి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. ఈ నాలుగు బిట్ల మధ్యలో ఒక లెక్క దాగి ఉంది. ఆయనకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది, పదవిలో ఉన్నప్పుడు ఇల్లు ఎలా గడిచింది అనేది. ఏ గైడులోనూ అది కనిపించదు. మన ప్రశ్నకు జవాబు మాత్రం అందులోనే ఉంది.

మూడు రూపాయల ఫీజు

1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండో ఏట తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపారు. అంటే ఇవాళ్టి మెస్ అనుకోండి. కోర్టు పనిమీద, బడి పనిమీద వచ్చినవాళ్లకు పూటకింత అని అన్నం పెట్టడం. ఆ రోజుల్లో అది పరువైన పని కాదు. బంధువుల్లో చిన్నచూపు ఉండేది. పిల్లల చదువు మాత్రం ఆ పొయ్యి మీదనే సాగింది.

మిడిల్ స్కూల్ పరీక్షకు ఫీజు మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలు ఇంట్లో లేవు. చివరికి తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి కట్టారని ఆయన గురించి చెప్పుకునే కథల్లో అందరికీ గుర్తుండేది. ఆన్‌లైన్ అప్లికేషన్‌లో ఫీజు పేజీ దగ్గర ఆగిపోయి, ఫ్రెండ్‌కి ఫోన్ చేసి ఫోన్‌పే చేయమని అడిగినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. వాళ్లకు ఈ కథ వివరించి చెప్పక్కర్లేదు.

ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ఈ కుర్రాణ్ని చేరదీశారు. నాటకాలు వేయించారు, చదివించారు, తాను రాజమండ్రికి మారుతూ వెంట తీసుకెళ్లారు. అక్కడ మెట్రిక్యులేషన్ ఒకసారి తప్పారు ప్రకాశం. తర్వాత గట్టెక్కి, మద్రాసు వెళ్లి సెకండ్ గ్రేడ్ ప్లీడర్ అయ్యి రాజమండ్రికి తిరిగొచ్చారు. ప్రాక్టీస్ బాగా నడిచింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి.

ఇక్కడ వరస గమనించండి. ముందు సంపాదన, ఆ తర్వాతే మున్సిపాలిటీ. ఈ వరస ఆయన ఇష్టపడి ఎంచుకున్నది కాదు. అప్పటి ఏర్పాటే అలాంటిది.

కుర్చీ ఉంది, జీతం లేదు

ప్రతి పట్టణానికీ ఒక మూల చట్టం ఉంటుంది. ఎంతమంది సభ్యులు, ఎవరికి ఓటు, పన్నులు ఎవరు వేస్తారు, అధ్యక్షుడికి ఏ అధికారం ఉంటుంది, ఇవన్నీ అందులోనే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఊరి సోర్స్ కోడ్. రాజమండ్రికి అప్పట్లో అది 1884 నాటి మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం. అంతకు రెండేళ్ల ముందు, 1882లో, వైస్రాయ్ రిపన్ స్థానిక స్వపరిపాలనపై తీర్మానం చేశారు. స్థానిక సంస్థల్లో ఎన్నికైనవాళ్లు ఎక్కువ ఉండాలి, కలెక్టర్ పెత్తనం తగ్గాలి అనేది దాని సారం. ఆ తీర్మానం తర్వాత వచ్చిన చట్టం ఇది. మన నిజామాబాద్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి మనకు అది వర్తించలేదు. మన దగ్గర పట్టణాలకు ఎన్నికలు చాలా ఆలస్యంగా వచ్చాయి.

ఓటు అందరికీ లేదు. పన్ను కట్టే కొద్దిమందికే. కౌన్సిలర్ పదవి, ఛైర్మన్ పదవి గౌరవ పదవులు. అంటే బతుకుతెరువు ఇంకేదో ఉండాలి. జమీందారైనా, వ్యాపారైనా, పేరున్న వకీలైనా అయ్యుండాలి. పూటకూళ్ల ఇంటి కొడుకు నేరుగా ఆ కుర్చీలోకి వెళ్లే దారి లేదు. ముందు ప్లీడర్ అవ్వాలి, నల్ల కోటు తొడుక్కోవాలి, ఫీజులు సంపాదించాలి.

1904లో, ముప్పై ఏళ్లు దాటిన కొత్తలో, గట్టి పోటీ మధ్య ప్రకాశం రాజమండ్రి మున్సిపల్ ఛైర్మన్ అయ్యారు. చిన్న వయసే. ఊరి పెద్దల మధ్యలో బయటి నుంచి వచ్చినవాడు. ఇక్కడ మీకు ఒక లెక్క తట్టాలి. కోర్టులో గడిపితే గంటకు ఇంత అని ఫీజు వస్తుంది. మున్సిపల్ ఆఫీసులో గడిపితే ఏమీ రాదు. ఊరి పనికి ఇచ్చే ప్రతి గంటా సొంత జేబు నుంచి ఇచ్చేదే. ఇప్పటి మాటలో చెప్పాలంటే అన్‌పెయిడ్ ఇంటర్న్‌షిప్. ఎవరు చేయగలరు? ఇంట్లో ఎవరో ఒకరు అద్దె కట్టేవాళ్లు ఉంటే చేయగలరు.

ఆ కుర్చీలో ఆయన ఎక్కువకాలం లేరు. సెకండ్ గ్రేడ్ ప్లీడర్ పై కోర్టుల్లో వాదించడానికి వీల్లేదు. బారిస్టర్ అయితే వీలుంది. ఎవరో ఆ సలహా ఇచ్చారు, అది మనసులో నాటుకుంది. ఛైర్మన్ పదవి వదిలేసి, మాంసం, మద్యం, పొగ ముట్టనని తల్లికి మాటిచ్చి 1904లోనే ఇంగ్లండ్ ఓడెక్కారు. కెరీర్ గ్యాప్ గురించి భయపడే మీకు ఇదొక ఉదాహరణ. ముప్పై దాటాక, ఊరికి మొదటి పౌరుడి హోదాలో ఉండి, మళ్లీ విద్యార్థి అయ్యారాయన.

లండన్‌లోనూ అదే తంతు

ప్రకాశం లండన్‌లో ఉన్నప్పుడు దాదాభాయి నౌరోజీ పార్లమెంటుకు పోటీ చేశారు. 1892లో ఒకసారి గెలిచిన నౌరోజీ 1906లో మళ్లీ నిలబడి ఓడిపోయారు. ఆయన తరఫున పనిచేసిన భారతీయ విద్యార్థుల్లో ప్రకాశం ఒకరు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అప్పటికి బ్రిటన్‌లో ఎంపీలకు జీతమే లేదు! ప్రపంచానికి పార్లమెంటు నేర్పామని చెప్పుకునే దేశంలో, ఎంపీ కావాలంటే ఆస్తి అయినా ఉండాలి, పోషించేవాళ్లయినా ఉండాలి. 1838లో అక్కడి కార్మికులు ఒక చార్టర్ రాసుకున్నారు. అందులో ఆరు డిమాండ్లు. వాటిలో ఒకటి ఎంపీలకు జీతం ఇవ్వాలని. జీతం లేకపోతే పనివాడు పని మానుకొని పార్లమెంటుకు రాలేడు, వచ్చేది దొరలే, చట్టాలు చేసేది దొరలే అనేది వాళ్ల వాదన. అది నెరవేరడానికి 73 ఏళ్లు పట్టింది. 1906 ఎన్నికల్లో కార్మికుల పక్షాన 29 మంది గెలిస్తే వాళ్ల తిండి ఖర్చు కార్మిక సంఘాలు చూసుకోవాల్సి వచ్చింది. దానిమీద కోర్టు కేసు పడి, ఆ డబ్బుకూ అడ్డం వచ్చాక 1911లో ప్రభుత్వం ఏడాదికి 400 పౌండ్ల జీతం పెట్టింది.

ఈ సంగతి మీ పాలిటీ నోట్సులో లేకపోతే రాసుకోండి. ప్రజాప్రతినిధికి జీతం అనేది రాజకీయ నాయకులు తమకోసం కనిపెట్టుకున్నది కాదు. పేదవాళ్లు పోరాడి తెచ్చుకున్నది.

సంపాదన అంతా పత్రికలోకి

బారిస్టర్‌గా తిరిగొచ్చి ప్రకాశం మద్రాసులో స్థిరపడ్డారు. హైకోర్టులో పెద్ద పేరు, పెద్ద ఆదాయం. లా టైమ్స్ అనే న్యాయ పత్రిక కూడా నడిపారు. 1921లో గాంధీ సహాయ నిరాకరణ పిలుపు విని ప్రాక్టీస్ వదిలేశారు. అదే ఏడాది స్వరాజ్య పత్రిక మొదలుపెట్టారు. ఇంగ్లిష్‌తో పాటు తెలుగు, తమిళంలో కూడా తెచ్చారు. ఇప్పటి లెక్కన పెద్ద స్టార్టప్. ఇన్వెస్టర్ ఆయనే, ఫౌండర్ ఆయనే. సంపాదించిన ఆస్తి దాదాపు అంతా అందులో కరిగిపోయింది.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలి. స్వరాజ్యలో పనిచేసినవాళ్లకు జీతాలు సమయానికి అందేవి కావు. ఖాసా సుబ్బారావు లాంటి గొప్ప పాత్రికేయులు అక్కడ పనిచేశారు, ఇష్టంతోనే పనిచేశారు. అయినా నెల దాటితే ఇంటి అద్దె అద్దే కదా. తాను సంపాదించి, అనుభవించి, ఆ తర్వాత త్యాగం చేసిన పెద్దమనిషి పరిస్థితి వేరు. ఇంకా ఏమీ సంపాదించని ఇరవై ఐదేళ్ల సబ్ ఎడిటర్ పరిస్థితి వేరు. ప్రకాశం మీద నాకు గౌరవం తక్కువేం కాదు. కానీ మిషన్ గొప్పది కాబట్టి జీతం అడగొద్దు అని చెప్పే కంపెనీలను మీరూ చూస్తారు, నేనూ చూశాను. ఒకరి త్యాగాన్ని పదిమందికి రూల్‌గా పెడితే అది త్యాగం అనిపించుకోదు.

500 రూపాయల మంత్రి

1937లో రాష్ట్రాల్లో కాంగ్రెస్ ప్రభుత్వాలు వచ్చాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశం రెవెన్యూ మంత్రి. జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించింది ఈ కాలంలోనే. అంతకుముందు మంత్రుల జీతాలు నెలకు వేలల్లో ఉండేవి. ప్రభుత్వంలో ఎవరి జీతమూ 500 రూపాయలు మించొద్దని కాంగ్రెస్ 1931 కరాచీ మహాసభలో తీర్మానించింది. 1937లో ఆ మాట ప్రకారం తమ మంత్రులకు నెలకు 500 చొప్పున తీసుకుంది. ఇల్లు, కారు భత్యం వేరుగా.

ఇందులో నాకు నచ్చిన విషయం అంకె కాదు. సున్నా అనలేదు, వేలు అనలేదు. మనిషి బతకగలగాలి, కానీ ఆశ కోసం రాకూడదు అని ఒక మధ్య గీత గీశారు. అది కూడా గెలవకముందే, బహిరంగంగా, తీర్మానం పెట్టి గీశారు. జీతం ఎంత ఉండాలి అనే ప్రశ్నను కుర్చీలో కూర్చున్నాక తేల్చుకోవడం వేరు, కూర్చోకముందు తేల్చుకోవడం వేరు.

మీ సీనియర్లు ఎంఎస్ చేయడానికి వెళ్లే అమెరికాలో చాలా నగరాలకు సొంత చార్టర్ ఉంటుంది. దాన్ని సమీక్షించడానికి పౌరులతో కమిటీలు వేస్తుంటారు. మేయర్, కౌన్సిల్ సభ్యుల జీతం ఎంత ఉండాలనేది ఆ కమిటీల ముందుకు తరచూ వచ్చే అంశం. వాళ్ల జాతీయ రాజ్యాంగంలోనైతే 27వ సవరణ ఉంది. కాంగ్రెస్ సభ్యుల జీతం మార్చితే, మధ్యలో ఒక ఎన్నిక జరిగాకే అది అమల్లోకి వస్తుంది. 1789లో ప్రతిపాదించిన ఆ సవరణ ఆమోదం పొందింది 1992లో! అంటే జీతం పెంచినవాళ్లు ముందు ఓటర్ ముఖం చూడాలి, తర్వాతే ఆ డబ్బు.

సంచుల గొడవ

పదవి లేదు, ప్రాక్టీస్ లేదు, ఆస్తి పత్రికలో పోయింది. జైళ్లు సరేసరి, 1942లో పట్టుకుంటే 1945 దాకా లోపలే. మరి ఆయన బతికిందెలా? జనం ఇచ్చారు. అప్పట్లో నాయకుడు ఊరికి వస్తే చందాలు పోగేసి, సంచిలో పెట్టి సభలో సమర్పించేవాళ్లు. పర్సు అనేవాళ్లు దాన్ని. ప్రకాశానికి అభిమానులు అలా ఇచ్చారు, ఆయన తన ఖర్చులకు వాడుకున్నారు. దాచిపెట్టింది ఏమీ లేదు. గాంధీకి మాత్రం ఇది నచ్చలేదు. ప్రజల డబ్బు ప్రజల పనికే పోవాలి, వ్యక్తి ఖర్చుకు కాదు అనేది ఆయన పట్టుదల. 1946లో ప్రకాశం ముఖ్యపదవికి పోటీలో ఉన్నప్పుడు ఈ గొడవ పైకి వచ్చింది. అయినా శాసనసభ్యులు ప్రకాశాన్నే ఎన్నుకున్నారు.

ఎవరిది న్యాయం? నాకు ఇద్దరిలోనూ సగం కనిపిస్తుంది. ఎవరో ఇచ్చిన డబ్బుతో బతికే నాయకుడు ఇచ్చినవాడికి రుణపడతాడు, ప్రకాశం పడకపోయినా ఇంకొకరు పడతారు. గాంధీ భయం అదే. కానీ సర్వం ఇచ్చేసిన డెబ్బై ఏళ్ల మనిషిని ఏం తిని బతకమంటారు? నియమం ప్రకారం, అందరికీ తెలిసేలా, ఖజానా నుంచి వచ్చే జీతం లేనిచోట ఈ సంచులే వస్తాయి. ఇవాళ మన ఊళ్లలో వాటికి వేరే పేర్లున్నాయి, కాంట్రాక్టులో వాటా, లేఔట్‌కి అనుమతి, అలా.

ఆ 11 నెలల పాలనలోనే ఆయన ఫిర్కా అభివృద్ధి పథకం తెచ్చారు. 1946లో 34 ఫిర్కాలతో మొదలైన గ్రామీణ పథకం. మీ సిలబస్‌లో సమాజ వికాస పథకానికి ముందు చదివే పేరే ఇది. కొత్త బట్టల మిల్లులు వద్దు, ఖద్దరే కావాలన్న పట్టుదల లాంటివి వ్యతిరేకులను పెంచాయి. 1947 మార్చిలో పదవి పోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు, తిరుపతిలో విశ్వవిద్యాలయం ఆయన కాలంలోనే వచ్చింది, ఏడాది దాటగానే 1954 నవంబరులో ప్రభుత్వం పడిపోయింది.

1957లో 84 ఏళ్ల వయసులో, ఎండాకాలంలో ఒంగోలు వైపు పర్యటించి వడదెబ్బ తగిలి, మే 20న హైదరాబాద్‌లో కన్నుమూశారు. మద్రాసు హైకోర్టులో ఒకప్పుడు ధనవంతుడైన బారిస్టర్ చివరికి మిగుల్చుకున్న ఆస్తి ఏమీ లేదు.

ఇప్పుడు లెక్క ఎవరు కడుతున్నారు

ఆయన పోయిన కొన్ని నెలలకే, 1957 నవంబరులో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ నివేదిక వచ్చింది. 1959లో మన షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ ప్రారంభమైంది. 73, 74 సవరణలు 1993లో అమల్లోకి వచ్చి స్థానిక సంస్థలకు రాజ్యాంగంలో చోటిచ్చాయి. ఎన్నికలు, రిజర్వేషన్లు, ఆర్థిక సంఘం అన్నీ రాశారు. జీతం గురించి మాత్రం రాయలేదు. దాన్ని రాష్ట్రాలకు వదిలేశారు.

ఇంటర్వ్యూలో పనికొచ్చే తేడా ఒకటి చెప్తాను. ఎంపీల జీతం గురించి 106వ అధికరణ, ఎమ్మెల్యేల గురించి 195వ అధికరణ ఉన్నాయి. వాళ్ల జీతం వాళ్ల సభే చట్టం చేసుకుంటుంది. సర్పంచ్‌కి, కార్పొరేటర్‌కి ఆ వీలు లేదు. రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇస్తే పెరుగుతుంది, లేకపోతే లేదు. తెలంగాణలో 2016లో ఎమ్మెల్యేకి జీతభత్యాలు కలిపి నెలకు 2.5 లక్షలు అయ్యాయి. అప్పుడు సర్పంచ్‌కి 5 వేలు. 2021లో 30 శాతం పెంచితే సర్పంచ్‌కి, ఎంపీటీసీకి 6,500, జడ్పీటీసీకి 13,000 అయింది. దీని పేరు జీతం కూడా కాదు, గౌరవ వేతనం. గౌరవం ఎక్కువ, వేతనం తక్కువ అన్నమాట. పైగా చేయించిన పనుల బిల్లులు రాక అప్పుల పాలైన సర్పంచుల వార్తలు మన జిల్లా ఎడిషన్‌లోనే మీరు చదివి ఉంటారు.

మన పట్టణాల సోర్స్ కోడ్ మారింది. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం, 2019లో కొత్త మున్సిపాలిటీల చట్టం వచ్చాయి. డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ గేటు ముందు టీ తాగుతూ మాట్లాడుకునే గ్రామ పంచాయతీకి మొదటిది వర్తిస్తుంది. 60 డివిజన్ల నిజామాబాద్ కార్పొరేషన్‌కి, బోధన్ మున్సిపాలిటీకి రెండోది. ప్లాస్టిక్ జరిమానాల నుంచి నర్సరీల దాకా ఈ చట్టాల్లో బాధ్యతలు ఎన్నో చేర్చారు. పని ఫుల్ టైమ్ అయింది, ఇచ్చేది ఇంకా పార్ట్ టైమ్ లెక్కే. ఇలా ఉంటే ఎవరు నిలబడతారు? రాజమండ్రిలో 1904లో ఎవరు నిలబడగలిగారో వాళ్లే. కాకపోతే వకీళ్ల చోట రియల్ ఎస్టేట్‌వాళ్లు, కాంట్రాక్టర్లు.

స్థానిక సంస్థల్లో పోటీకి 21 ఏళ్లు నిండితే చాలు. ఎమ్మెల్యేకైతే 25 కావాలి. అంటే డిగ్రీ అయిన మరుసటి ఏడాదే మీకు అర్హత వస్తుంది. వచ్చేసారి మీ ఫ్రెండ్ ఎవరైనా నామినేషన్ వేస్తానంటే నవ్వకండి, నిరుత్సాహపరచకండి. పక్కన కూర్చొని ఒక కాగితం తీయండి. ఇంటి అద్దె, ఈఎంఐ, అమ్మ మందులు, పెట్రోల్ ఒక వైపు రాయమనండి. రెండో వైపు 6,500 రాయమనండి. మిగతాది ఎక్కడి నుంచి తెస్తావని అడగండి. ఓటు అడగడానికి మీ గుమ్మంలోకి వచ్చే ప్రతి అభ్యర్థినీ అదే అడగండి.